నాన్న తుపాకీ కొడుక్కి వస్తుంది, లైసెన్స్ రాదు: మరి ఏం చేయాలి?

మారేడుమిల్లి చుట్టుపక్కల పొలాలకు అడవిపందుల బెడద కొత్త కాదు. పంట కాపలాకు లైసెన్స్‌తో తుపాకీ పెట్టుకున్న పెద్దాయన చనిపోతే, పొలం, పశువుల్లాగే అదీ కొడుకుదేనని ఇంట్లో అనుకుంటారు. చట్టం లెక్క వేరు. తుపాకీ ఆస్తి కాబట్టి వారసులకు దక్కుతుంది. లైసెన్స్ మాత్రం మనిషికిచ్చిన అనుమతి, ఆయనతోనే పోతుంది.

అంటే దినకర్మలు అయ్యేదాకా దూలానికి వేలాడుతున్నా, ఆ తుపాకీ లైసెన్స్ లేని ఆయుధమే. 1959 నాటి ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం లేకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. మావోయిస్టుల పేరు వినిపించే ప్రాంతంలో తుపాకీ భుజాన వేసుకుని ఠాణాకు బయల్దేరడం మంచిది కాదు. ముందు కబురు చెప్పండి, ఇచ్చాక రసీదు అడగండి. డిపాజిట్ చేసినంత మాత్రాన హక్కు పోదు. లైసెన్స్ వస్తే వెనక్కి తీసుకోవచ్చు, అర్హత ఉన్నవారికి అమ్ముకోవచ్చు. గడువు దాటేదాకా వదిలేస్తేనే ప్రభుత్వపరం అవుతుంది.

ఆ తర్వాత దరఖాస్తు. 2016 ఆయుధాల నిబంధనల్లో వారసులకు ప్రత్యేకంగా 25వ నిబంధన ఉంది. మరణ ధ్రువపత్రం, పాత లైసెన్స్, తుపాకీ వివరాలు, మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న పత్రం కావాలి. అన్నదమ్ముల మధ్య మాట కుదరక ఆగిపోయేది ఈ చివరిదాని దగ్గరే. వారసుడికి 21 ఏళ్లు నిండాలి, పోలీసు విచారణలో వ్యతిరేకంగా ఏమీ రాకూడదు. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్స్ నిరాకరించకూడదని చట్టంలోనే ఉంది. ఏజెన్సీ రైతులు గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇది.

పెద్దాయన బతికుండగానే మార్చుకునే దారీ ఉంది. ఆయనకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ చేతికొచ్చి 25 ఏళ్లయినా, ఏది ముందైతే అప్పుడు వారసుడిని సూచించవచ్చు. ఇదే తేలిక.

మారేడుమిల్లి 2022 ఏప్రిల్ 4 దాకా తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది. అప్పటి లైసెన్స్ ఫైలు కాకినాడ కలెక్టరేట్‌లో ఉండిపోయిందేమో ముందే కనుక్కుంటే తిరుగుడు తగ్గుతుంది.

2019 డిసెంబరు సవరణతో రెండు మార్పులొచ్చాయి. లైసెన్స్ కాలం మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఒకరి దగ్గర ఉండగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. వారసత్వంగా వచ్చినా ఈ పరిమితి దాటకూడదు.

తాతల నాటి నాటు తుపాకీకి ఎప్పుడూ లైసెన్సే లేకపోతే? వారసత్వం దాన్ని సక్రమం చేయదు. దొరికితే రెండు నుంచి ఐదేళ్ల జైలు, జరిమానా. లైసెన్స్ ఉన్నవాళ్లకూ ఒక హెచ్చరిక: పంట కాపలాకు తుపాకీ ఇచ్చారంటే అడవిపందిని చంపమని కాదు. దానికి 1972 వన్యప్రాణి చట్టం కింద అటవీ శాఖ అనుమతి విడిగా తీసుకోవాలి.