నేడే ఆఖరి రోజు

మానవుడు సంఘజీవి. పదిమంది నడచిన త్రోవన నడవడం, పదిమంది కొన్నదానిని తానును కొనడం అతనికి స్వభావసిద్ధం. ఈ స్వభావం వలన మేలు కలదు, కీడును కలదు. పొరుగు రైతు విత్తనం వేయగానే తానును పొలానికి బయలుదేరినవాడు అదును పోగొట్టుకొనడు. కాని పొరుగువాని చేతిలోని క్రొత్త వస్తువును చూచి అంగడికి పరుగెత్తినవాడు ఒక్కొక్కప్పుడు అక్కరలేని దానిని అప్పు చేసి ఇంటికి తెచ్చుకొంటాడు. 'అందరికీ దక్కినది మనకు దక్కకుండా పోతుందేమో' అనే ఈ భయానికి ఈ కాలంలో 'ఫోమో' అని ఒక పొట్టి పేరు వచ్చినది. పేరు క్రొత్తదే గాని జబ్బు పాతది. దాని స్వరూపమెట్టిదో, దానిని అదుపులో పెట్టుకొను విధమేమిటో మన ప్రాంతపు ఉదాహరణలతోనే వివరింప దలచినాము.

మన ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలకు బేరమంటే ఏమిటో ఒకరు నేర్పనక్కరలేదు. ఆదోని ప్రత్తి వ్యాపారానికి, బంగారానికి, బట్టలకు పేరుమోసిన ఊరు; పెద్దలు దానిని 'రెండవ బొంబాయి' అని గొప్పగా చెప్పుకొనేవారు. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ చేనేత సహకార సంఘాన్ని స్థాపించి, 1954లో పద్మశ్రీ బిరుదు నందుకొన్నారు. నూలు ఖరీదు, కూలి, అమ్మకపు ధర ఈ మూటిని ముందుగా లెక్క వేసుకొననిదే మగ్గం ఆడదని ఆ ఊరి నేతగాండ్రకు బాగుగా తెలియును.

ఆదోని మార్కెట్ యార్డులో ప్రత్తి అమ్మకాన్ని ఒక్కసారి నిలుచుండి చూడండి. కొనేవాడు ప్రత్తిని చేతిలోనికి తీసికొని పింజ లాగి చూస్తాడు. తడి ఉన్నదా, చెత్త ఉన్నదా అని పరీక్షిస్తాడు. తరువాతనే ధర వేస్తాడు. ఆ ధర గిట్టుబాటు కాకపోతే 'నేను ఇవ్వను' అనే హక్కు రైతుకు ఉన్నది. ఇరువైపుల వారును ఆలోచించుకొన్న పిదపనే సరుకు చేయి మారుతుంది. ఇంత నిదానం తెలిసిన ఆ రైతే, చేతికి సొమ్ము అందిన సాయంకాలం బజారులో 'నేడే ఆఖరి రోజు' అన్న బోర్డు కనబడగానే పింజ లాగి చూడడం మరచిపోతాడు. ధర అడుగుతాడు గాని, అక్కర ఉన్నదా అని తన్ను తాను అడుగుకొనడు. రంజాను మాసపు రాత్రులలోను, దసరా దినాలలోను, జనవరిలో జరిగే ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలోను ఇట్టి బోర్డులకు కొదువ లేదు. ఇప్పుడు ఆ బోర్డు ప్రతివాని జేబులోని ఫోనులోనికి వచ్చి, రాత్రి పన్నెండు గంటలకు కూడ మోగుతున్నది.

మా వద్ద చదివిన ఒక విద్యార్థి సంగతి ఇక్కడ చెప్పవలసియున్నది. అతని తల్లిదండ్రులు ప్రతి యేటా మన పడమటి మండలాల కుటుంబాలనేకం వలెనే గుంటూరు ప్రాంతానికి మిరపకోతలకు వలస పోయేవారు. వారు పంపిన సొమ్ములో పరీక్ష రుసుమునకై తీసి ఉంచిన పైకంతో అతడు ఒక అర్ధరాత్రి అమ్మకంలో క్రొత్త ఫోనుకు మొదటి వాయిదా కట్టినాడు. 'ఇంకను రెండే మిగిలినవి' అని తెరపై కనబడినదట. రుసుము చెల్లించు గడువు నాడు మా ఎదుట తల వంచుకొని నిలుచున్నాడు. స్నేహితులు తలా కొంత వేసికొని ఆ రుసుము కట్టినారు. మరుసటి నెలలో అదే ఫోను, అదే ధరకు, అదే 'ఇంకను రెండే' అన్న మాటతో మరల అమ్మకానికి వచ్చినది. పరీక్ష రుసుమునకు ఉన్న ఆఖరి తేదీ నిజమైనది. అమ్మకానికి ఉన్న ఆఖరి తేదీ కల్పితమైనది. కల్పితమైనదానికి భయపడి అతడు నిజమైనదానిని దాదాపు పోగొట్టుకొన్నాడు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినదంతయు ఈ ఒక్క తేడాయే.

మరి తెలివిగలవారు సైతం ఎందుకు మోసపోతారు? 1975లో స్టీఫెన్ వోర్చెల్ అనే అమెరికా మనస్తత్త్వవేత్త, అతని సహచరులు ఒక చిన్న ప్రయోగం చేసినారు. కొందరికి పది బిస్కెట్లున్న సీసాను, కొందరికి రెండే ఉన్న సీసాను చూపి ఒక్కొక్కటి తినిపించినారు. బిస్కెట్లు ఒకటే రకమైనను, రెండే ఉన్న సీసాలోని దానినే జనం ఎక్కువగా కోరదగినదన్నారు. ముందు పది ఉండి, చూస్తుండగా రెండుకు తగ్గినపుడు ఆ కోరిక మరింత హెచ్చినది. విచిత్రమేమంటే, రుచి మాత్రం ఎక్కువగా ఉన్నదని వారనలేదు. కొరత కోరికను పెంచినది గాని రుచిని పెంచలేదు. ఇక 1979లో డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వర్‌స్కీ అనే పండితులు లాభనష్టాల విషయంలో మనసు తూచే తీరును వివరించినారు. నూరు రూపాయలు దొరికిన సంతోషం కన్న, నూరు రూపాయలు పోయిన బాధ మనకు సుమారు రెట్టింపుగా తోస్తుందట. 'కొంటే లాభం' అన్న మాటకు కదలనివాడు 'కొనకపోతే నష్టం' అన్న మాటకు కదలిపోవడానికి కారణమిదే.

ఈ భయం గుంపులో పుట్టినపుడు మరింత వికృతంగా ఉంటుంది. 2016 నవంబరులో పెద్దనోట్ల రద్దు ప్రకటన వెలువడిన మూడు నాళ్ళకే, ఉప్పు దొరకదన్న పుకారు ఉత్తరాది రాష్ట్రాలలో వ్యాపించినది. జనం దుకాణాల మీద విరుచుకుపడి, కిలో ఉప్పును రెండు వందల రూపాయలకు పైగా పెట్టి కొన్నారు. మూడు ప్రక్కల సముద్రమున్న దేశంలో ఉప్పుకు కరవేమిటని ఆలోచించే తీరిక ఎవరికిని లేకపోయినది. తెల్లవారిన తరువాత ఉప్పు ఉప్పుగానే ఉన్నది, ధరయు మునుపటి ధరయే.

కొనేవానిలో ఈ తొందరను కృత్రిమంగా పుట్టించడం నేటి విద్య కాదు. కొనే ఉద్దేశం లేకయే వేలంలో పాట పెంచి ఇతరులను రెచ్చగొట్టడాన్ని అరబ్బీలో 'నజష్' అంటారు. దానిని ప్రవక్తగారు నిషేధించినట్లు హదీసులు తెలుపుచున్నవి. ఇదే మోసానికి ఇప్పటి ప్రభుత్వం మరొక పేరు పెట్టినది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైను వ్యాపారంలోని పదమూడు రకాల మాయలను గుర్తించి, వాటిని నిషేధిస్తూ మార్గదర్శకాలు వెలువరించినది. అందులో మొదటిది, సరుకు అయిపోతున్నదనియు సమయం మించిపోతున్నదనియు అబద్ధం చెప్పి తొందరపెట్టడమే. ఇట్టి మోసానికి గురియైనవారు 1915 అనే నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చును. అయితే చట్టం మనలను వ్యాపారి అబద్ధం నుండి కాపాడగలదు గాని, మన తొందర నుండి కాపాడలేదు.

ఇతరులకు చెప్పే మేము ఏమైన తక్కువ తిన్నామా? కొన్నేండ్ల క్రిందట ఎమ్మిగనూరులో ఒక కల్యాణమండపంలో 'మూడు రోజులు మాత్రమే' అని జరిగిన అమ్మకానికి ఊరక చూచి వత్తమని వెళ్ళి, పింగాణీ పాత్రల సెట్టు ఒకటి కొని తెచ్చినాము. క్రొత్త కళ్ళజోడునకై దాచిన సొమ్ము దానికి చెల్లిపోయినది. మూడు వారాలైనను కాకమునుపే ఆదోనిలో అదే అమ్మకం, అదే 'మూడు రోజులు మాత్రమే' అన్న గుడ్డ బ్యానరుతో ప్రత్యక్షమైనది. ధర మాత్రం మరో రెండు వందలు తక్కువ. ఆ పాత్రలు నేటికిని మా అటకపై అట్టపెట్టెలోనే ఉన్నవి. మేము మాత్రం నాలుగు నెలలు పాత కళ్ళజోడుతోనే పాఠాలు చెప్పినాము.

ఆ దెబ్బ తరువాత మేము పాటిస్తున్న నియమాలు కొన్ని ఉన్నవి. మొదటిది, ఒక్క రాత్రి ఆగడం. నిజమైన అవసరం తెల్లవారిన తరువాత కూడ అవసరంగానే ఉంటుంది; భయం మాత్రం నిద్రతో సగం చల్లారుతుంది. రెండవది, ఆ బోర్డు లేకపోతే, అసలు ధరే ఇది అని చెప్పి ఉంటే, దీనిని కొనేవారమా అని ప్రశ్నించుకొనడం. మూడవది, ధరను రూపాయలలో గాక పనిదినాలలో లెక్కించడం. ఇది మన ఇంటివారి ఎన్ని రోజుల కూలి, ఎన్ని రోజుల ఎండ అని తలచుకొంటే చేయి దానంతట అదే వెనుకకు వస్తుంది. నాలుగవది, వాయిదా ఎంత అని గాక మొత్తం ఎంత అని అడగడం. 'వడ్డీ లేని వాయిదా'లలో వడ్డీని ఇతర రుసుముల చాటున దాచుచున్నారని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులను హెచ్చరించినది. అయిదవది, ఫోనులో అమ్మకపు ప్రకటనల మోత ఆపివేయడం, కార్డు వివరాలను అందులో భద్రపరచకుండుట. కొనడం ఎంత కష్టమైతే ఆలోచనకు అంత వ్యవధి దొరుకుతుంది.

ఇంత చెప్పినందున తొందర ఎల్లప్పుడు తప్పే అని భావించరాదు. తొలకరి తరువాత విత్తుటకు గడువున్నది. రుసుము కట్టుటకు, ఉద్యోగపు దరఖాస్తునకు గడువున్నది. జబ్బు ముదరకముందే వైద్యునికి చూపవలసియున్నది. ఇవి ఎవరును బోర్డు కట్టి చాటని ఆఖరి రోజులు. వీటికి తొందరపడడమే వివేకం. బోర్డు కట్టి, డప్పు కొట్టి చాటిన ఆఖరి రోజు మాత్రం చాలమట్టుకు మరల వస్తూనే ఉంటుంది.

విద్యార్థి మిత్రులారా! ధర గిట్టనపుడు 'ఇవ్వను' అని చెప్పే హక్కు ప్రత్తి రైతుకు ఉన్నట్లే, అక్కర లేనపుడు 'కొనను' అని చెప్పే హక్కు మీకును ఉన్నది. ఇకమీదట 'నేడే ఆఖరి రోజు' అన్న మాట కంటబడినపుడు, అది ఎవరి ఆఖరి రోజు, వ్యాపారిదా, మనదా అని ఒక్క క్షణం ఆగి అడగండి. ఆ ఒక్క ప్రశ్న మీ ఇంట ఒక నెల కూలిని నిలుపగలదు.