చిన్న భాషను తయారు చేయించే పాఠం

కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ చదివే విద్యార్థి మూడో ఏడాదికి వచ్చేసరికి సాధారణంగా సి, జావా, పైథాన్ భాషల్లో ప్రోగ్రాములు రాసి ఉంటాడు. అప్పుడు అతనికి 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ ప్రోగ్రామింగ్ లాంగ్వేజెస్' అనే సబ్జెక్టు ఎదురవుతుంది. విద్యార్థులు దాన్ని పీపీఎల్ అంటారు. జేఎన్‌టీయూ సిలబస్‌లో ఏళ్లుగా ఉన్న సబ్జెక్టే ఇది. రాబర్ట్ సెబెస్టా రాసిన లావుపాటి పుస్తకం దానికి పాఠ్యపుస్తకం. పుస్తకం మంచిదే. కానీ ఫోర్‌ట్రాన్ ఎప్పుడు వచ్చింది, లిస్ప్ లక్షణాలేమిటి, జావాకూ సి ప్లస్ ప్లస్‌కూ తేడాలు రాయుము అనే ధోరణిలో చెబితే ఎంత మంచి పుస్తకమైనా పరీక్షకు ముందు రాత్రి బట్టీ పట్టే నోట్సుగా మిగులుతుంది. ప్రోగ్రామింగ్ భాషలు ఎందుకు అలా ప్రవర్తిస్తాయో తెలియాలంటే విద్యార్థి తన చేత్తో ఒక చిన్న భాషను తయారు చేయాలి. ఈ సబ్జెక్టుకు అదే వెన్నెముక కావాలి, తక్కినవన్నీ దాని చుట్టూ రావాలి.

ఎందుకో ఒక చిన్న ప్రోగ్రాముతో చూద్దాం. ఒక లూప్ 0, 1, 2 అని మూడుసార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ ఒక చిన్న ఫంక్షన్‌ను తయారు చేసి దాచిపెడుతుంది. 'నన్ను పిలిచినప్పుడు లూప్ సంఖ్య ఎంతో చెబుతాను' అన్నదే ఆ ఫంక్షన్ పని. లూప్ ముగిశాక మూడు ఫంక్షన్లనూ వరుసగా పిలిస్తే ఏమొస్తుంది? 0, 1, 2 వస్తాయని చాలామంది అనుకుంటారు. పైథాన్‌లో మూడుసార్లూ 2 వస్తుంది. దాచిన ఫంక్షన్ ఆనాటి విలువను పట్టుకోలేదు, పేరును పట్టుకుంది. పిలిచే సమయానికి ఆ పేరు దగ్గరున్నది 2. జావాస్క్రిప్ట్ పాత పద్ధతిలోనూ ఇదే చిక్కు ఉండేది, 2015లో వచ్చిన 'లెట్' దాన్ని సరిచేసింది. సి షార్ప్ తన 'ఫర్‌ఈచ్' లూప్ విషయంలో 2012లో నిబంధన మార్చుకుంది. గో భాష 2024 ఫిబ్రవరిలో 1.22 వెర్షన్‌తో మార్చుకుంది. జావా మరో దారి పట్టింది. విలువ మారే స్థానిక వేరియబుల్‌ను లోపలి ఫంక్షన్ వాడుకోవడానికే అది ఒప్పుకోదు. నాలుగైదు భాషలు, వేర్వేరు కంపెనీలు, పన్నెండేళ్ల వ్యవధి. అన్నిటినీ వేధించింది ఒక్కటే ప్రశ్న: ఒక పేరు రాస్తే అది దేన్ని సూచిస్తుంది, ఎప్పటిదాకా సూచిస్తుంది? పైథాన్ ఒక్కటే తెలిసినవాడికి ఇది పైథాన్ వింతగా కనిపిస్తుంది. సూత్రం తెలిసినవాడు కొత్త భాష చేతికి రాగానే ఈ ప్రశ్న తనంతట తానే వేసుకుంటాడు.

ఈ ప్రశ్నకు అరవై ఏళ్లు దాటాయి. ఒక దుకాణం బిల్లు ప్రోగ్రామును ఊహించండి. పన్ను లెక్కగట్టే ఫంక్షన్ 'రేటు' అనే పేరు వాడుతుంది. ఫంక్షన్ రాసిన చోట రేటు 5 శాతం. దాన్ని పిలిచిన చోట వేరే అవసరానికి రేటు అనే పేరుకే 20 అని ఉంది. 200 రూపాయల వస్తువుకు పన్ను 10 రూపాయలా, 40 రూపాయలా? 1960 నాటి ఆల్గాల్ రాసిన చోటునే నమ్మి 10 అంటుంది. అదే కాలపు లిస్ప్ పిలిచిన చోటు వైపు చూసి 40 అంటుంది. లైనక్స్‌లో వాడే బాష్ షెల్ ఈనాటికీ పిలిచిన చోటు వైపే చూస్తుంది. తరగతిలో దీన్ని 'స్టాటిక్ స్కోప్, డైనమిక్ స్కోప్' అని రెండు నిర్వచనాలుగా రాయిస్తే విద్యార్థికి మాటలు వస్తాయి, ఎంపిక కనబడదు. అదే అతను ఇంటర్‌ప్రెటర్ రాస్తుంటే, అంటే తన చిన్న భాషలోని ప్రోగ్రామును చదివి నడిపించే మరో ప్రోగ్రాము రాస్తుంటే, ఆ ఎంపిక అతని ముందుకే వస్తుంది. ఫంక్షన్‌ను నడిపేటప్పుడు ఏ పేర్ల పట్టిక ఇవ్వాలి? ఫంక్షన్ పుట్టినప్పటిదా, పిలిచినవాడిదా? ఒక్క వరుస మారిస్తే 10 కాస్తా 40 అవుతుంది. ఆ వరుసను తానే మార్చి చూసినవాడికి నిర్వచనం బట్టీ పట్టాల్సిన పని లేదు.

ఇది బోధన కోసం కల్పించిన కిటుకు కాదు. పరిశోధకులు తమకు అర్థం కాని విషయాన్ని అర్థం చేసుకున్న పద్ధతే ఇది. 1975లో మసాచుసెట్స్‌లోని ఎంఐటీలో జెరాల్డ్ సస్‌మన్, గై స్టీల్ కలిసి తమ సహచరుడు కార్ల్ హెవిట్ ప్రతిపాదించిన 'యాక్టర్స్' సిద్ధాంతం ఏమిటో తేల్చుకోవడానికి ఒక బుల్లి లిస్ప్ ఇంటర్‌ప్రెటర్ రాశారు. రాశాక చూస్తే యాక్టర్లను నడిపే భాగమూ, మామూలు ఫంక్షన్లను నడిపే భాగమూ ఒకేలా ఉన్నాయి. స్కీమ్ భాష అలా పుట్టింది. అదే సస్‌మన్, హెరాల్డ్ ఏబెల్సన్‌తో కలిసి 1985లో ప్రచురించిన ప్రసిద్ధ పాఠ్యపుస్తకం నాలుగో అధ్యాయంలో విద్యార్థుల చేత ఇంటర్‌ప్రెటరే రాయిస్తుంది.

భాషలను పారాడైమ్‌లుగా, అంటే కుటుంబాలుగా విడదీసి చెప్పే అలవాటును కూడా వదులుకోవడం మంచిది. అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీలో బోధించే శ్రీరామ్ కృష్ణమూర్తి 2008లోనే ఒక వ్యాసంలో ఈ వర్గీకరణకు కాలం చెల్లిందని వాదించారు. ఆయన చెప్పింది నిజం. పైథాన్‌ను ఏ కుటుంబంలో వేస్తాం? 2014లో లాంబ్డాలను, అంటే పేరు లేని చిన్న ఫంక్షన్లను, చేర్చుకున్న జావాను ఇంకా ఒక్క గదిలోనే కూర్చోబెట్టగలమా?

చిన్న భాషను తయారు చేయించాలన్న ఈ ప్రతిపాదనకు వచ్చే మొదటి అభ్యంతరం ఉద్యోగాల గురించి. కంపెనీలు జావా వచ్చా, పైథాన్ వచ్చా అని అడుగుతాయి గానీ ఇంటర్‌ప్రెటర్ రాశావా అని అడగవు కదా అంటారు. అప్పు చేసి చదివించే తల్లిదండ్రులున్న చోట ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అయితే అమీర్‌పేట శిక్షణ కేంద్రాల చరిత్ర ఏం చెబుతోంది? 2000 సంవత్సరపు తేదీ సమస్య రోజుల్లో కోబాల్ గిరాకీ, తరువాత జావా, డాట్‌నెట్, ఆపైన పైథాన్. డిగ్రీ చేతికొచ్చాక నలభై ఏళ్ల కొలువు ఉంటే, అందులో ఇలాంటి మార్పులు ఎన్నో వస్తాయి. పైగా కొత్తగా వచ్చేవి చాలావరకు పాత ఆలోచనలే. అక్కరలేని మెమరీని తానే ఏరివేసే పద్ధతిని జాన్ మెకార్తీ 1960లోనే లిస్ప్ కోసం వివరించారు. అది సామాన్య ప్రోగ్రామర్ల చేతికి విస్తృతంగా అందింది 1995లో జావా వచ్చాకే. ఇప్పుడు గిరాకీ పెరుగుతున్న రస్ట్ భాష ఒక విలువ ఎవరి అధీనంలో ఎంతవరకు బతుకుతుందో కంపైల్ చేసేటప్పుడే తేలుస్తుంది. మైక్రోసాఫ్ట్ ఏటా సరిచేసే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీ పొరపాట్లేనని ఆ సంస్థే 2019లో చెప్పింది. రస్ట్ మీద ఆసక్తికి కారణం అదే. తన చిన్న భాషలో విలువల ఆయుష్షును తానే నిర్ణయించిన విద్యార్థికి రస్ట్ కంపైలర్ చేసే ఫిర్యాదులు అర్థమవుతాయి.

మన విద్యార్థులకు అంత పునాది లేదన్నది రెండో అభ్యంతరం. కూడికలు, తీసివేతలు చేసే ఇంటర్‌ప్రెటర్ పైథాన్‌లో ఒక పేజీ దాటదు. దానికి పేర్లు, షరతులు, ఫంక్షన్లు ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ వెళ్లడానికి కొన్ని వారాల ల్యాబ్ చాలు. దీనివల్ల నష్టం మాత్రం ఉంది. అంత సమయం దీనికిస్తే ప్రోలాగ్ వంటి భాషల పరిచయం కుదించుకోవాలి, చరిత్ర కొంత వదులుకోవాలి. అయినా పది భాషల పేర్లు తెలియడం కన్నా ఒక భాష లోపల ఏం జరుగుతుందో తెలియడం ఎక్కువ విలువైనది.

ఇక కోడ్ అంతా ఏఐ రాసిపెడుతుంటే ఇవన్నీ ఎందుకన్న ప్రశ్న ఈ మధ్య బాగా వినబడుతోంది. పైన చెప్పిన లూప్ ప్రోగ్రామునే చూడండి. అది ఏ ఎర్రర్ మెసేజీ ఇవ్వకుండా నడుస్తుంది, తప్పు జవాబు ఇస్తుంది. యంత్రం రాసిన వరుసను చదివి, నడపకముందే దాని అర్థం చెప్పగలిగిన మనిషి ఇంకా కావాలి, మునుపటికన్నా ఎక్కువగా కావాలి.

చివరికి అన్నీ పరీక్ష దగ్గర ఆగుతాయి. ప్రశ్నపత్రం మారకపోతే బోధన మారదు. అందుకే ప్రశ్నపత్రాలు తయారు చేసే ఆచార్యులకు ఒక విన్నపం: 'తేడాలు రాయుము' అన్న ఒక్క ప్రశ్ననైనా తీసేసి, ఎనిమిది వరుసల ప్రోగ్రాము ఇచ్చి, రెండు వేర్వేరు నిబంధనల కింద అది ఏం ముద్రిస్తుందో, ఎందుకో అడగండి. విద్యార్థులు కాలేజీలో బోధన మారేదాకా ఆగనక్కరలేదు. ఏబెల్సన్, సస్‌మన్‌ల పుస్తకమూ, రాబర్ట్ నిస్ట్రోమ్ రాసిన 'క్రాఫ్టింగ్ ఇంటర్‌ప్రెటర్స్' కూడా వెబ్‌లో పూర్తిగా ఉచితంగా దొరుకుతాయి. ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి.