పిల్ల ఎటు పడుతుందో చూసి హెల్మెట్ కొనండి

మూర్ఛ ఉన్న ప్రతి బిడ్డకూ హెల్మెట్ అక్కర్లేదు. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ ఉందనీ, సరైన చికిత్స అందితే వారిలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మందులు వాడుతున్నా ఉన్నపళంగా కూలిపోయే పిల్లలకే తలకు రక్షణ కావాలి. కొందరికి ఒంట్లో పట్టు ఒక్కసారిగా జారిపోతుంది, కొందరికి ఒళ్లు కొయ్యబారిపోతుంది. డాక్టర్లు వీటిని ఎటోనిక్, టోనిక్ ఫిట్స్ అంటారు. చెయ్యి అడ్డం పెట్టుకునే వ్యవధి కూడా ఉండదు.

మన బాన్సువాడలో సిమెంటు వాకిళ్లు, బండలు పరిచిన అరుగులు, సీసీ రోడ్లు... పిల్ల ఎక్కడ పడ్డా గట్టినేలే. అందుకే కొనేముందు ఎటు పడుతోందో గమనించండి. వీలైతే ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకు చూపించండి. వెనక్కి పడే పిల్లకు మెడ పైదాకా వెనక తలను కప్పేది కావాలి. ముందుకు పడితే నుదుటి దగ్గర మందంగా ఉండాలి, ముక్కుకూ గడ్డానికీ అడ్డుకమ్మి ఉండాలి. మామూలు హెల్మెట్ ముఖాన్ని కాపాడదు.

ఇంట్లో తరచూ పడే పిల్లకు మెత్తటి ఫోమ్ టోపీ తేలిక. దెబ్బలు బలంగా తగులుతుంటే పైన గట్టి పెంకు ఉన్నది మేలు, కాకపోతే అది బరువు, ఉక్క. సైకిల్ హెల్మెట్ దీనికి పనికిరాదు. అందులోని థర్మకోల్ ఒక్క పెద్ద దెబ్బకు నలిగి ప్రాణం కాపాడేందుకు చేసినది, రోజూ పడే దెబ్బలకు కాదు. బండి హెల్మెట్ బరువు పసిమెడ మోయలేదు.

కొలత కనుబొమల పైనుంచి, వెనక తల ఉబ్బు మీదుగా టేపు చుట్టి తీయాలి. పెరుగుతుంది కదా అని పెద్దది కొనకండి. తల ఊపినా హెల్మెట్ కదలకూడదు. గడ్డం కింది పట్టీలో వేలు దూరాలి, పెద్దవాళ్లు చప్పున విప్పగలగాలి. ఇక్కడి ఏప్రిల్, మే ఎండలకు గాలి రంధ్రాలు, ఉతకగలిగే నూలు లోపలి గుడ్డ తప్పనిసరి. రోజూ విప్పి చెమట తుడవండి, ఒరుసుకుపోయిన చోట్లు ఉన్నాయేమో చూడండి.

హెల్మెట్ ఫిట్స్‌ను ఆపదు. నిజాంసాగర్ కాలువలో, బావిలో పడితే కాపాడదు. నీళ్ల దగ్గరా, పొయ్యి దగ్గరా పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, పట్టీ వదులు చేయండి. చేతిలో తాళాలు, నోట్లో చెంచా పెట్టకండి. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

ప్రభుత్వ బడులకూ అంగన్‌వాడీలకూ వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం చూసే జబ్బుల్లో ఫిట్స్ కూడా ఉంది. దాచకుండా చెప్పండి. టీచరుకు కూడా ఈ జాగ్రత్తలన్నీ వివరించండి. హెల్మెట్ చూసి నలుగురూ ఏమనుకుంటారోనని బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టడం మాత్రం తప్పు. ఆ హెల్మెట్ కొనేదే బిడ్డ బడికి వెళ్లడానికి, ఆడుకోవడానికి. మందు ఒక్క పూట కూడా మానకుండా వేయండి. పడటం తగ్గితే హెల్మెట్ ఇంకా అవసరమా అని డాక్టరును అడగండి.