ఒక్క పీపా... మూడొందల సీసాలు!

కల్ ఈలా అని రాసున్న సీసాలు రెండు పక్కపక్కనే ఉన్నాయనుకోండి. ఒకటి కంపెనీ బొమ్మతో మెరిసే డబ్బాలో ఉంది. రెండోదాని మీద మామూలు కాగితం, దాని నిండా అంకెలు: ఏ ఏడాది పీపాలో పోశారు, ఎప్పుడు సీసాల్లో నింపారు, పీపా నంబరెంత, ఎన్ని సీసాలొచ్చాయి. లోపలున్నది ఒకే డిస్టిలరీ సరుకు. నాలాంటివాడు మాత్రం రెండోదాని దగ్గరే ఆగిపోతాడు. లాగ్ ఫైలు చూస్తే కళ్లు మెరిసే జాతి కదా మాది!

నేను ఎడిన్‌బరాలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఈ రెండో రకాన్ని ఇక్కడ ‘ఇండిపెండెంట్ బాట్లింగ్’ అంటారు. స్కాట్లాండ్ డిస్టిలరీలు తీసే విస్కీలో ఎక్కువ భాగం బ్లెండ్లలోకే పోతుంది. ఐలా దీవిలోని కల్ ఈలా అయితే చాలావరకు జానీ వాకర్ లాంటివాటి కోసమే. ఆ దారిలో పీపాలు చేతులు మారుతుంటాయి. కొన్నిటిని బయటి వ్యాపారులు కొని, ఏళ్ల తరబడి గోదాములో ఉంచి, సొంత లేబుల్‌తో అమ్ముతారు. ఎల్గిన్ ఊళ్లో గోర్డన్ అండ్ మాక్‌ఫెయిల్ 1895లో కిరాణా కొట్టుగా మొదలైంది. కేడెన్‌హెడ్ ఇంకా పాతది, 1842. 1983లో లీత్‌లో పుట్టిన స్కాచ్ మాల్ట్ విస్కీ సొసైటీ వాళ్లయితే సీసా మీద డిస్టిలరీ పేరే వెయ్యరు. డిస్టిలరీ కోడ్, చుక్క, పీపా నంబరు... అచ్చం మన వెర్షన్ నంబరే.

కంపెనీ సీసా ప్రతిసారీ ఒకే రుచి ఇవ్వాలి. అందుకే బోలెడు పీపాలు కలుపుతారు. చాలావాటిలో రంగు కోసం కారమెల్ కూడా వేస్తారు (చట్టం ఒప్పుకుంటుంది), మబ్బుగా కనబడకుండా చల్లబరిచి వడకడతారు. ఇండిపెండెంట్లు చాలామంది ఈ రెండూ చెయ్యరు. ఫిల్టర్ వెయ్యని సెల్ఫీ అన్నమాట. మొటిమ ఉంటే మొటిమే కనిపిస్తుంది.

నాకు సరదా పుట్టించేది లేబుల్ మీది లెక్క. హాగ్స్‌హెడ్ అనే పీపాలో సుమారు 250 లీటర్లు పడతాయి. స్కాట్లాండ్ చలిలో ఏటా దాదాపు 2 శాతం ఆవిరైపోతుంది. దాన్ని ‘దేవదూతల వాటా’ అంటారు. పదకొండేళ్లకి మిగిలేది 200 లీటర్లు. 70 సెంటీలీటర్ల సీసాల్లోకి పోస్తే 285 దాకా వస్తాయి. ఆ విస్కీ 57 శాతం ఉందనుకుందాం. నీళ్లు కలిపి 46కి దించితే సీసాలు 350 అవుతాయి. అంటే సీసాల సంఖ్య, శాతం చూస్తే చాలు, ఏం జరిగిందో సగం అర్థమైపోతుంది. నీళ్లు కలపడం తప్పేం కాదు. నిజానికి నాకు 46 దగ్గరే హాయిగా ఉంటుంది. 60 శాతం తాగి మీసం మెలేసేవాళ్లు వేరే ఉన్నారు.

ఇక రుచి. మేం నలుగురం డబ్బులేసుకుని ఒక సీసా కొంటాం. తలా 25 మిల్లీలీటర్లు, అంతకు మించి ఆ రోజుకి లేదు. గ్లాసులో పావుగంట వదిలేస్తాం. ముందు వాసన, తర్వాత చిన్న గుక్క, ఆ తర్వాత నాలుగు చుక్కల నీళ్లు కలిపి మళ్లీ మొదట్నుంచి. పక్కవాళ్లవి చూడకుండా ఎవరి నోట్స్ వాళ్లే రాసుకోవాలి, అదొక్కటే రూలు.

ఇంగ్లిష్ రివ్యూల్లో హెదర్ పూలు, గూస్‌బెర్రీ జామ్ అని రాస్తుంటారు. నేను పుట్టి బుద్ధెరిగాక ఆ జామ్ ముఖం చూసింది ఇక్కడికొచ్చాకే! పదకొండేళ్ల కల్ ఈలా ముక్కు దగ్గర పెట్టుకుంటే నాకు తగిలినవి వేరు. నిమ్మకాయ ఊరగాయ జాడీ మూత తీసినట్టు ఒక ఘాటు. వెనకాల భోగి మంట మర్నాడు పొద్దున్న మిగిలే తడి బూడిద. నీళ్లు పడ్డాక సముద్రపు ఉప్పుగాలి, చివర్లో నాలుక మీద చెరుకు పానకం. మా టీమ్‌లో స్కాట్లాండ్ అతను హాస్పిటల్ కట్టు గుడ్డ అని రాశాడు. ఇద్దరిదీ ఒకే పొగ. బార్లీని ఎండబెట్టడానికి కాల్చే పీట్‌ది.

అన్నీ ఇలా ఉండవు. ఇంకో డిస్టిలరీ షెర్రీ పీపా ఒకటి కొన్నాం, 85 పౌండ్లు. రంగు చూస్తే తాటిబెల్లం పాకం. వాసన చూస్తే అప్పుడే గీసిన అగ్గిపుల్ల. షెర్రీ పీపాలు పాడవకుండా గంధకం పొగ పెట్టే అలవాటుంది. దాని జాడ ఒక్కోసారి ఇలా మిగిలిపోతుంది. అది ఆ పీపా తప్పే తప్ప డిస్టిలరీ తప్పు కాదు. అందుకే నేను మార్కు పీపాకే వేస్తాను. పక్కన పీపా రకం, బాట్లర్ పేరు తప్పకుండా రాస్తాను. ఎందుకంటే ఎవరైనా నా రివ్యూ చదివే టైమ్‌కి ఆ మూడొందల సీసాలూ అయిపోయి ఉంటాయి. ఏ బాట్లర్ ఎలాంటి పీపాలు ఎంచుకుంటాడన్నదే వాళ్లకి పనికొచ్చేది.

ఈ దారి ఇప్పుడు ఇరుకవుతోంది. 2024 నుంచి బయటి డిస్టిలరీల విస్కీతో కొత్త పీపాలు నింపబోమని గోర్డన్ అండ్ మాక్‌ఫెయిల్ 2023లో ప్రకటించింది. ఉన్న నిల్వలు మాత్రం ఇంకా దశాబ్దాలు వస్తూనే ఉంటాయి. వాళ్లకి బెన్‌రోమాక్ అనే సొంత డిస్టిలరీ కూడా ఉంది. ఇంకొందరు డిస్టిలరీ యజమానులు తమ పేరు బయటి లేబుల్ మీద పడకూడదని పీపాలో ఇంకో మాల్ట్ ఒక చెంచాడు కలిపి అమ్ముతారు. ఆ చెంచాతో అది చట్టప్రకారం సింగిల్ మాల్టే కాకుండా పోతుంది! వెస్ట్‌పోర్ట్ అని లేబుల్ ఉంటే లోపలున్నది దాదాపు మొత్తం గ్లెన్‌మోరెంజీనే అని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. మా నలుగురి లిస్టులో తర్వాతిది అదే.