భట్టిప్రోలు దిబ్బయు, విస్తరిలోని యన్నమును

పురాతన శిథిలములను జూడగోరు మనవారు అమరావతికి బోవుదురు, నాగార్జునకొండకు బోవుదురు, సెలవు దొరకినచో హంపికిని, అజంతాకును బోవుదురు. ఆ యాత్రలు మంచివే. కాని తెనాలినుండి రేపల్లెకు బోవు రైలులో ప్రయాణము చేయువారిలో భట్టిప్రోలు స్టేషనున దిగి, ఆ యూరి స్తూపమును గన్నులార జూచినవా రెందరు? దక్షిణాపథ లిపుల చరిత్రకు మొదటి పుటలలో నొకటియైన స్థలమును బండి కిటికీనుండి దాటిపోవుట విద్యావంతులకు మర్యాద గాదు.

అచ్చట శిల్పవైభవమును గోరి పోవువానికి నిరాశ కలుగును. కానవచ్చునది ఇటుకల కట్టడమును, గడ్డి మొలచిన దిబ్బయును మాత్రమే. కాని దాని కొలతలను దలచుకొనుడు. వేదిక వ్యాసము 148 అడుగులు. దానిపై నిలిచిన యండము వ్యాసము 132 అడుగులు. 1892 వ సంవత్సరమున అలెగ్జాండరు రీ దొర ఈ దిబ్బను ద్రవ్వించినప్పుడు గర్భమున మూడు రాతి పేటికలు దొరకెను. వానిలో స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, ముత్యములు, ధాతుశకలములు నుండెను.

ఆ పేటికలపై బ్రాహ్మీలిపిలో శాసనములు గలవు. బ్యూలర్ పండితుడు వానిని జదివి ప్రకటించెను. బుద్ధుని ధాతువులకై పేటికలను సమకూర్చినవారి పేర్లును, కుబేరకుడను రాజు పేరును అందు గానవచ్చును. భాష ప్రాకృతమే, తెలుగు కాదు. అయినను లిపి విశేషమైనది. అశోకుని శాసనములలో గుర్తు లేని హల్లు అకారముతో గూడి పలుకబడును. భట్టిప్రోలు లేఖకుడు వట్టి హల్లును వట్టి హల్లుగనే యుంచి, అకారమునకు వేరుగ నొక గీత పెట్టెను. తలకట్టు పెట్టి వ్రాయుట నేర్చిన మనకు ఆ యుపాయము వింతగ దోపదు.

ఇంతటి కట్టడము దిబ్బయై పోవుటకు కాల మొక్కటే కారణము గాదు. ఆంగ్లప్రభుత్వపు దినములలో దీని యిటుకలు బాటలకు బోయబడెను. దీని పాలరాళ్లు పగులగొట్టబడి, ప్రక్కనున్న వెల్లటూరున కాలువ తూమునకు వాడబడెను. ఇంజనీరులకది చేరువనున్న రాతిగని. మనవారికది సభ్యులు నోట బలుకనొల్లని పేరుగల యొక దిబ్బ. ఒకరు పగులగొట్టిరి, ఒకరు చూచుచు నూరకుండిరి. పేటికలు చెన్నపట్టణపు మ్యూజియమునకు జేరెను. ధాతువు 1920 లో కలకత్తా ధర్మరాజిక విహారమున బ్రతిష్ఠింపబడెను. ఊరికి మిగిలినది దిబ్బ. నేడది కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో నున్నది.

దిబ్బ చుట్టి వచ్చునప్పటికి మధ్యాహ్నమగును, ఆకలియు నగును. యాత్రికులలో నొక దురభ్యాసము కలదు. పట్టణమునుండియే పులిహోరయు, పెరుగన్నమును మూటగట్టుకొని వచ్చి, శిథిలముల నీడనే భుజించి, విస్తళ్ల నచ్చటనే పారవైచి, తరువాతి బండికి మరలుదురు. ఆ యూరివారికి వీరివలన దక్కునది చెత్త మాత్రమే. అట్టి యాత్రికుని మీద గాని, అతడు చూడవచ్చిన యిటుకల మీద గాని గ్రామమునకు మమకార మెట్లు కలుగును?

మేము సమీపమున నొక చిన్న భోజనశాలకు బోయితిమి. అరిటాకున వేడియన్నము, ముద్దపప్పు, కాగిన నేయి, గోంగూర పచ్చడి, వంకాయకూర, చారు, గడ్డపెరుగు. మారు వడ్డించుటలో లోభము లేదు. వడ్డించు నతడు, “దిబ్బ జూడ వచ్చితిరా అండీ? అక్కడ ఇటుకలే గదా, ఏమున్నదండీ?” యని యడిగెను. పేటికల కథయు, అక్షరముల కథయు జెప్పితిమి. అతడు గరిటె చేతబట్టుకొనియే విని, లోపలనున్న కుమారుని బిలిచి, “అయ్యగారు చెప్పున దాలకింపుము” అనెను. ఆ బాలుడు ఇకమీదట ఆ దిబ్బను వెనుకటి కన్నుతో జూడడని మా నమ్మకము. శిలాఫలక మొక్కటి నాటినను ఇంత ప్రయోజనము కలుగదు.

ఆ యన్నమును గూర్చి యొక మాట. 1855 లో బెజవాడ యానకట్ట పూర్తియైన పిమ్మట కృష్ణ కాలువలే ఈ డెల్టాను అన్నపూర్ణగ జేసినవి. ఆ కాలువలలో నొకదాని తూమునందు మన స్తూపపు రాళ్లున్నవి. కావున ఇచ్చట అన్నము దినువారందరును ఆ స్తూపమునకు ఋణపడియున్నారు. కాలువ వలదని మేమనము. నీరు లేక దేశము లేదు. రాయి కావలసినచో కొండలు గలవు. రెండువేల యేండ్ల నాటి కట్టడము మరల దొరకునా?

ఆ ఋణమును దీర్చుకొనుట కష్టము గాదు. భూస్వాములు తమ పొలములలోని పాత దిబ్బలను మట్టికై త్రవ్వింపకుందురు గాక. ఉపాధ్యాయులు బాలురను గొనిపోయి చూపుదురు గాక. పట్టణవాసులు మూటలు గట్టకుండ పోయి, ఆ యూరనే యన్నము దిని, ఆ యూరివారికే కథ చెప్పి రావలెను. కావలివాడొక్కడు జీతమునకు గాచు దిబ్బ ఎంతకాలము నిలుచును? ఊరెల్ల తనదని యెంచినదే నిలుచును.