ప్రేగు జబ్బు: తప్పు వంశానిదా, క్రిములదా?

"సిస్టరమ్మా, మా ఇంట్ల ఎవ్వరికీ లేదు, వీనికెట్లొచ్చింది?" నెలల తరబడి రక్త విరేచనాలతో బాధపడి, చివరకు కొలనోస్కోపీలో అల్సరేటివ్ కొలైటిస్ అని తేలిన కుర్రవాని తల్లి అడిగే మొదటి ప్రశ్న ఇది. అదే జబ్బు కోడలికి వస్తే ఎవరూ ప్రశ్న అడగరు, "పుట్టింటి నుంచే తెచ్చుకున్నది" అని తీర్పు చెప్పేస్తారు. మంచం ప్రక్కన నిలబడి ఆ మాట వినడం మాకు కష్టంగా ఉంటుంది. గనుక ఈసారి ఈ విషయమే వ్రాస్తున్నాము.

ఈ వ్యాధిని డాక్టర్లు ఐ.బి.డి. అంటారు. ఇందులో ముఖ్యంగా రెండు రకాలు. అల్సరేటివ్ కొలైటిస్‌లో పెద్దప్రేగు లోపలి పొర వాచి పుండ్లు పడుతుంది. క్రోన్స్ వ్యాధి నోటి నుండి మలద్వారం వరకు ఎక్కడైనా రావచ్చును. రెండింటిలోనూ మన శరీర రక్షణ శక్తి మన ప్రేగు మీదనే దాడి చేస్తుంది. ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా అంటదు.

మరి ఎందుకు వస్తుంది? మన ప్రేగులలో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా నివసిస్తున్నాయని అంచనా. క్రిములు అనగానే భయపడనక్కరలేదు. వీటిలో ఎక్కువ భాగం మనకు మేలు చేసేవే. మనకు అరగని పీచును అవి తిని, ప్రేగు పొరకు ఆహారమయ్యే ఒక ఆమ్లాన్ని తయారు చేస్తాయి. ఐ.బి.డి. ఉన్నవారిలో ఇట్టి మంచి బ్యాక్టీరియా తగ్గిపోయి ఉంటాయి. అవి తగ్గినందువల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వచ్చినందువల్ల తగ్గాయా అన్నది డాక్టర్లు ఇంకా తేల్చలేదు.

జన్యువుల సంగతి. క్రోన్స్ వ్యాధికి సంబంధించిన మొదటి జన్యువును 2001లో కనుగొన్నారు. దాని పేరు నాడ్-2. ప్రేగులోని బ్యాక్టీరియాను పసిగట్టడం దాని పని! అంటే వంశం, క్రిములు అని మనం విడదీసి అడిగే ప్రశ్నే సరిగా లేదన్నమాట. 1990లలో చిట్టెలుకల మీద జరిగిన పరిశోధన కూడా ఇదే చూపింది. ఒక జన్యువు తీసివేసిన ఎలుకలకు ప్రేగు వాపు వచ్చింది. కాని అదే లోపమున్న ఎలుకలను ఏ క్రిమీ లేని గదిలో పెంచితే రాలేదు.

ఇంకొక సంగతి. ఐరోపా రోగుల్లో తరచుగా కనబడే నాడ్-2 మార్పులు మన దేశపు క్రోన్స్ రోగుల్లో లేవని వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రి వైద్యులు 2008లో ప్రచురించారు. ఇప్పటికి ఈ వ్యాధితో సంబంధమున్న జన్యు స్థానాలు 200కు పైగా దొరికాయి. ఏ ఒక్కటీ తనంతట తాను జబ్బు తెప్పించదు. అచ్చుగుద్దినట్టుండే కవలలలో ఒకరికి వచ్చినా, చాలాసార్లు రెండవవారికి రాదు. తల్లికో తండ్రికో ఈ వ్యాధి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం మిగతావారికన్నా ఎక్కువే, కాని 100 మందిలో 90 మందికి పైగా పిల్లలకు రానే రాదు. పెళ్ళి సంబంధాలు చూచేవారు ఈ లెక్క దయచేసి మరువకూడదు.

ఊరు మారితే ఏమవుతుంది? ఇంగ్లాండులోని లెస్టర్ ప్రాంతంలో స్థిరపడిన మన దేశస్థుల్లో అక్కడి తెల్లవారికంటే కూడా అల్సరేటివ్ కొలైటిస్ ఎక్కువగా ఉన్నదని 1990లలో వైద్యులు గమనించారు. విమానమెక్కినంత మాత్రాన జన్యువులు మారవు కదా. మారినవి తిండి, నీరు, వాటితో పాటు కడుపులోని క్రిములు. ఇది పట్నపు జబ్బు అని మనము కూడా ఒకప్పుడు అనుకునేవారము. కాని హైదరాబాదులోని ఏ.ఐ.జి. వైద్యులు తెలంగాణ పల్లెల్లో తిరిగి ప్రేగు బాధలున్నవారిని పరీక్షించి, పల్లెల్లోనూ పట్నంలో మాదిరిగానే ఈ వ్యాధి కనబడుతున్నదని 2023లో తెలియజేశారు. బాన్సువాడ చుట్టుప్రక్కల కూడా ఇప్పుడు గటుక, జొన్నరొట్టె తగ్గి, ప్యాకెట్ల తిండి పెరిగింది. కారణం అదొక్కటే అని మేము అనము.

చిన్నతనంలో మాటిమాటికి వాడిన యాంటీబయాటిక్స్‌కు కూడా ఈ వ్యాధితో సంబంధం కనబడింది. అవి చెడ్డ క్రిములతో పాటు మంచివాటినీ చంపుతాయి. రెండుసార్లు విరేచనమైతే మెడికల్ షాపుకు వెళ్ళి మాత్రలు కొనవద్దు. ఓ.ఆర్.ఎస్. పట్టండి, డాక్టరుకు చూపించండి.

మేము ఎక్కువగా బాధపడేది ఆలస్యాన్ని చూచి. మలంలో నెత్తురు పడితే మొలలని నాటు మందు, జిగట పడితే అమీబా అని మాత్రలు, ఇలా ఏడాది గడిచిపోతుంది. మూడు వారాలు దాటిన విరేచనాలు, నెత్తురు, బరువు తగ్గడం, రాత్రి నిద్రలో లేచి పరుగెత్తవలసి రావడం ఉంటే ఆగవద్దు. క్రోన్స్, ప్రేగు టి.బి. ఒకదానినొకటి పోలి ఉంటాయి. ముక్క పరీక్ష చేసినా ఒక్కోసారి తేలదు. టి.బి. ఉన్నవారికి పొరపాటున స్టెరాయిడ్ మాత్రమే ఇస్తే అది ముదురుతుంది. అందుకే డాక్టరు ముందుగా కొన్ని వారాలు టి.బి. మందులు ఇచ్చి చూస్తే కోపగించుకోకండి.

ప్రేగు మాత్రలు మొదలుపెట్టిన వారు నెత్తురు ఆగగానే మానివేస్తారు. "మంచిగైంది గద సిస్టర్" అంటారు. లోపలి పొర ఇంకా పూర్తిగా మానలేదు. మళ్ళీ తిరగబెట్టి, ఈసారి రక్తం ఎక్కించవలసిన స్థితిలో వస్తారు. మందు ఎప్పుడు తగ్గించాలో డాక్టరే చెప్పాలి. స్టెరాయిడ్ అయితే అకస్మాత్తుగా అస్సలు ఆపరాదు.

ఈసారి వచ్చునప్పుడు పాత కొలనోస్కోపీ కాగితము, వాడిన మాత్రల ఖాళీ అట్టలు వెంట తీసుకొని రండి. వాడిన మందు పేరు తెలియక డాక్టరు మళ్ళీ మొదటి నుండి మొదలుపెట్టవలసి వస్తున్నది.