పట్టు వదలని ఫైలు

‘లెఫ్ట్ ఫర్ డెడ్ 2 ఆట కోసం అభిమానులు చేసిన మ్యాపు ఒకటి దించుకున్నాను. నచ్చక తీసేద్దామంటే, ఫైలు వేరే ప్రోగ్రాములో తెరిచి ఉందంటోంది. ఆ మ్యాపు నేను ఆడటమే లేదు. మరి తెరిచిందెవరు?’ అని ఒక పాఠకుడు అడిగారు. ఇలాంటి ప్రశ్న దొరికితే నేను వదలలేను.

తెరిచింది ఆటే. వాల్వ్ సంస్థ 2009లో తెచ్చిన ఈ ఆటకు బయటివాళ్లు చేసే మ్యాపులు వీపీకే ఫైళ్లుగా వస్తాయి. గోడలు, బొమ్మలు, శబ్దాలు అన్నీ ఒకే మూటలో ఉంటాయి. మీరు ఏ మ్యాపు ఆడినా సరే, ఆట మొదలైనప్పుడే ఆన్ చేసి ఉన్న మూటలన్నిటినీ తెరిచి పెట్టుకుంటుంది. ఇంతవరకూ మామూలు సంగతే. తెరిచి ఉంటే తీసేయడానికి వీల్లేదని ఎవరన్నారు? అసలు రుచి ఇక్కడుంది.

ఫైలు వేరు, ఫైలు పేరు వేరు. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్‌ను రూపొందించినప్పుడు ఈ రెంటినీ నిక్కచ్చిగా విడదీశారు. ఫైలు సైజు, యజమాని, డిస్కు మీద సరుకు ఎక్కడుందన్న వివరం ఐనోడ్ అనే పద్దులో ఉంటాయి. అందులో లేనిది పేరొక్కటే. పేరు ఫోల్డరులో ఉంటుంది. డిలీట్ చేస్తే ఆ పేరు మాత్రమే పోతుంది. ఓటర్ల జాబితాలో పేరు కొట్టేసినా మనిషి ఊళ్లోనే ఉన్నట్టు, సరుకు డిస్కు మీదే ఉంటుంది. ఈ ఫైలుకు ఇంకా ఎన్ని పేర్లున్నాయి, ఎన్ని ప్రోగ్రాములు దీన్ని తెరిచి ఉంచాయి అని యూనిక్స్ రెండు లెక్కలు వేసుకుంటుంది. రెండూ సున్నా అయ్యాకే ఆ చోటు ఖాళీ అవుతుంది. సర్వరులో డిస్కు నిండిందని పెద్ద లాగ్ ఫైలును తీసేసినా చోటు పెరగకపోవడానికి కారణమిదే. దాన్ని రాస్తున్న ప్రోగ్రాము ఇంకా పట్టుకునే ఉంటుంది. లినక్స్‌లో ఇదే ఆట ఆడుతూ మ్యాపు తీసేయండి, పేరు వెంటనే మాయమవుతుంది. ఆట మాత్రం పాత సరుకును చదువుకుంటూ సాగిపోతుంది. ఎంత అందమైన ఏర్పాటు!

విండోస్ దారి వేరు. అక్కడ ఫైలు తెరిచే ప్రోగ్రామే ఇతరులకు మూడు అనుమతులు ఇవ్వాలి: చదవవచ్చా, రాయవచ్చా, తీసేయవచ్చా. సీ భాషలో ఫైలు తెరవడానికి అందరూ వాడే ఎఫ్‌ఓపెన్ విండోస్ మీద మొదటి రెండూ ఇస్తుంది, మూడోది ఇవ్వదు. అంటే మీ ఫైలుకు అడ్డం పడాలని ప్రోగ్రాము రాసినవాళ్లు అనుకోకపోయినా అడ్డం పడుతుంది. వైరస్ అనీ, రీడ్ ఓన్లీ టిక్కు తీసేయమనీ, అడ్మిన్‌గా ప్రయత్నించమనీ సలహాలిచ్చేవాళ్లు ఇక్కడే దారి తప్పుతున్నారు. ఈ సందేశం వచ్చిందంటే తగువు హక్కుల గురించి కాదు, పట్టు గురించి.

మూడో అనుమతి ఉన్నప్పుడు ఇంకో వింత. పాత పద్ధతిలో విండోస్ ఆ ఫైలు మీద ‘తీసేయాలి’ అని గుర్తు పెట్టి ఊరుకునేది. చివరి ప్రోగ్రాము వదిలేదాకా పేరు ఫోల్డరులో కనిపించేది, తెరవబోతే మాత్రం కుదరదనేది. విండోస్ 10 కాలంలో మైక్రోసాఫ్ట్ యూనిక్స్ తరహా తొలగింపును చేర్చింది, పేరు అప్పటికప్పుడే పోతుంది. కానీ ఆ మూడో అనుమతి లేకపోతే ఇదీ పనిచేయదు.

ఇక చేయాల్సింది. ఆట కిటికీ మూసినంత మాత్రాన ప్రాసెస్ ఆగిందని నమ్మకండి, టాస్క్ మేనేజర్‌లో చూడండి. అక్కడా లేకపోతే రిసోర్స్ మానిటర్ తెరిచి, సీపీయూ ట్యాబ్‌లో అసోసియేటెడ్ హ్యాండిల్స్ దగ్గర ఫైలు పేరు వెతకండి. పట్టుకున్నది యాంటీవైరసో మరొకటో అక్కడ తేలుతుంది. తీసేసిన మ్యాపు తర్వాత ఆట తెరవగానే మళ్లీ ప్రత్యక్షమైతే అది వేరే కథ: స్టీమ్ వర్క్‌షాప్‌లో మీ సబ్‌స్క్రిప్షన్ అలాగే ఉంది. ఫైలు కనబడకపోతే స్టీమ్ మళ్లీ దించుతుంది. ముందు అన్‌సబ్‌స్క్రైబ్ చేయాలి.

నా ఫిర్యాదు ఒక్కటే. ఏ ప్రాసెస్ ఏ ఫైలును తెరిచిందో విండోస్ కెర్నల్‌కు తెలుసు. తెరిచిన ప్రోగ్రాము పేరును ఆ సందేశం కొన్నిసార్లు చెబుతుంది, కొన్నిసార్లు ‘వేరే ప్రోగ్రాము’ అని సరిపెడుతుంది. ప్రతిసారీ చెప్పాలి.